జ్వరం కేసుల ఉమ్మడి చర్చ: నలుగురికీ పనికొచ్చేలా నడపడం ఎలా?

జ్వరాల_వార్డు
తిరుపతిలో జనరల్ మెడిసిన్ పీజీ చేస్తున్నాను. మా దగ్గర వారానికోసారి మెడిసిన్, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ, కమ్యూనిటీ మెడిసిన్ వాళ్లంతా కూర్చుని ఒక ఇన్‌ఫెక్షన్ కేసు చర్చించాలని పెట్టారు. ఆలోచన చాలా మంచిది. జరిగేది మాత్రం వేరు. పీజీ స్లయిడ్లు చదువుకుంటూ పోతాడు. మధ్యలో "యాంటీబయాటిక్ ఇచ్చాక శాంపిల్ పంపారు" అని ల్యాబ్ వాళ్లు, "రిపోర్టు ఆలస్యంగా ఇచ్చారు" అని వార్డు వాళ్లు. చివరి స్లయిడులో జబ్బు పేరు. చప్పట్లు. ఎంబీబీఎస్ పిల్లలు హాజరు వేయించుకుని వెనక వరసలో ఫోన్లు చూసుకుంటారు.

పుస్తకం చదివితే క్రిమి పేరు, దాని మందు పేరు వస్తాయి. మంచం మీద మూలుగుతున్న మనిషిలో ఆ క్రిమి ఉందని పట్టుకోవడం ఇలా నలుగురూ కూర్చున్న చోటే నేర్చుకోవాలని నా నమ్మకం. నడిపినవాళ్లూ, కూర్చుని విసిగిపోయినవాళ్లూ చెప్పండి. ఏం మారిస్తే బాగుపడుతుంది?

రేణిగుంట_రోడ్డు
హౌస్ సర్జన్‌ని. జబ్బు పేరు చివరిదాకా దాచడమే పెద్ద తప్పు. మొదట్లోనే చెప్పేసి, ఆ జబ్బు గురించి అందరూ తమకు తెలిసింది చెప్తే గంటలో నేర్చుకోవచ్చు. సస్పెన్స్ కోసం మేం రాము.

గులాబీ_రంగు_కడ్డీలు
మైక్రోబయాలజీలో ఉన్నాను. పైన చెప్పినదానికి నేను ఒప్పుకోను. వార్డులో మొదటి యాంటీబయాటిక్ రాసేటప్పుడు జబ్బు పేరు ఎవరికి తెలుసు? కల్చర్ (శాంపిల్‌లోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులు ఏం ఆలోచించాలి, ఏ శాంపిల్ ముందు తీయాలి, దేనికి ఆగొచ్చు, దేనికి ఆగకూడదు అన్నదే అసలు చదువు. పేరు ముందే చెప్పేస్తే ఆ భాగం మొత్తం పోతుంది.

కాణిపాకం_కుర్రాడు
సెకండ్ ఇయర్. మాకు 2019 నుంచి వచ్చిన కొత్త సిలబస్‌లో సబ్జెక్టులు కలిపి చెప్పాలని ఉందట. కానీ మైక్రోబయాలజీ మేడం క్రిమి చెప్తారు, ఫార్మకాలజీ సార్ మందు చెప్తారు, రెండూ ఒకే మనిషికి సంబంధించినవని మాకు వార్డుకి వెళ్లేదాకా తట్టదు. పైన పేరు ముందే చెప్పొద్దన్న మేడం మాటే నాకు నచ్చింది, కానీ చర్చలో మమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు.

పాత_ఫిజీషియన్
అడుగుతాను, ఇక్కడే. వాదన కంటే ఒక కేసు చేసి చూద్దాం. ఊరు, వయసు, ఇంకొన్ని వివరాలు మార్చాను.

చిత్తూరు జిల్లా పడమటి మండలం. నలభై దాటిన మగమనిషి. సాయంత్రం జ్వరం, రాత్రి ఒళ్లంతా చెమట, నడుము నొప్పి. నెలకు పైగా ఇదే. బాగా చిక్కిపోయాడు. ఊళ్లో వైడాల్ చేసి టైఫాయిడ్ అని సెఫ్ట్రియాక్సోన్ ఎక్కించారు. కాస్త తగ్గి మళ్లీ వచ్చింది. షుగర్ లేదు. ఛాతీ ఎక్స్‌రే బాగుంది. ఎమ్మారైలో నడుము దగ్గర పక్కపక్క పూసలు రెండు, వాటి మధ్య డిస్కు దెబ్బతిన్నాయి.

ముందు చిన్నవాళ్లు మాట్లాడండి. పెద్దలు కాసేపు ఆగండి.

కాణిపాకం_కుర్రాడు
వెన్ను టీబీ సార్. సాయంత్రం జ్వరం, చెమటలు, బరువు తగ్గడం, పూసలు. మా వినాయకుడి మీద ఒట్టు, టీబీయే.

రేణిగుంట_రోడ్డు
నాదీ అదే. మన దేశంలో వెన్నుపూస జబ్బంటే మొదట అదే అనుకోవాలి. పూస నుంచి చిన్న ముక్క (బయాప్సీ) తీసి, టీబీ క్రిమిని వెతికే పరీక్ష సీబీనాట్‌కి పంపిస్తాను.

గులాబీ_రంగు_కడ్డీలు
మంచిది. రెండు గంటల్లో చెప్తుంది. నెగటివ్ వచ్చింది. ఇప్పుడు?

రేణిగుంట_రోడ్డు
వెన్నులో క్రిములు తక్కువ ఉంటాయి కాబట్టి నెగటివ్ వచ్చినా టీబీ కాదని చెప్పలేం కదా మేడం. నెగటివ్ వచ్చినా మందులు మొదలుపెట్టినవాళ్లను చూశాను.

పలమనేరు_పశువైద్యం
నేను పశువుల డాక్టర్ని. నన్ను చిన్నవాళ్లలో కలుపుకుంటారో పెద్దల్లోనో తెలియదు, ఒక్క ప్రశ్న అడుగుతాను. ఆ ఇంట్లో ఆవులున్నాయా? ఈమధ్య చూడి ఆవు ఏదైనా ఈసుకుపోయిందా, అంటే నెలలు నిండకుండా దూడ పోయిందా?

ఒట్టు వేసిన బాబూ, కాణిపాకంలో ప్రమాణం చేసేముందు కొట్టంలోకి ఒకసారి తొంగిచూడాలి!

పాత_ఫిజీషియన్
ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాను డాక్టరుగారూ. నాలుగు ఆవులున్నాయి. జ్వరానికి కొద్ది వారాల ముందు ఒకటి ఏడో నెలలో ఈసుకుపోయింది. మాయ పడకపోతే ఇతనే ఒట్టి చేతులతో లాగాడు. పొదుగు దగ్గరే పచ్చిపాలు తాగే అలవాటు కూడా ఉంది.

పలమనేరు_పశువైద్యం
అయితే ఇది బ్రూసెల్లోసిస్, అంటే బ్రూసెల్లా అనే క్రిమి పశువుల నుంచి మనిషికి అంటి వచ్చే జబ్బు. కాదని తేలేదాకా అదేనని అనుకోవాలి.

మా పడమటి మండలాల్లో పాడి లేని ఇల్లు తక్కువ. ఆవు చూడితో ఉన్న ఆఖరి నెలల్లో దూడ పోవడం, మాయ పడకపోవడం మాకు మొదటి గుర్తు. ఆ మాయలో, ఆ నీళ్లలో, ఆ చచ్చిన దూడలో క్రిములు విపరీతంగా ఉంటాయి. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు. రైతు అవన్నీ చేత్తో ఎత్తి పెంటకుప్పలో పారేస్తాడు, కుక్కలు లాక్కెళ్తాయి. చేతికి గ్లవ్స్ వేసుకోవాలి, లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చాలి. పాలు పొంగు వచ్చేదాకా కాచి తాగితే ఆ దారి మూసుకుపోతుంది.

పేయ దూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో ఒకే ఒక్క టీకా ఉంది. 2019లో కేంద్రం గాలికుంటుతోపాటు దీనికీ జాతీయ కార్యక్రమం పెట్టింది. అది బతికున్న క్రిమితో చేసే టీకా. సూది మా చేతికే గుచ్చుకుంటే మాకే జబ్బు రావచ్చు. టీకాలు వేసే సిబ్బంది ఎవరైనా జ్వరమని మీ దగ్గరికి వస్తే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

రైతుకు జ్వరం వస్తే మీ దగ్గరికి వస్తాడు, ఆవు ఈసుకుపోతే మా దగ్గరికి వస్తాడు. రెండూ ఒకే ఇంట్లో జరిగాయని తెలిసింది అతనికి మాత్రమే. మనం అడగకపోతే అతను చెప్పడు, ఎందుకంటే ఆవుకీ తన నడుముకీ సంబంధం ఉంటుందని అతనికి ఎలా తడుతుంది? తిరుపతిలోనే పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది కదా, 2005 నుంచి. మీ మీటింగుకి అక్కడి నుంచి ఎవరినైనా ఎప్పుడైనా పిలిచారా?

జ్వరాల_వార్డు
నేను వచ్చాక అయితే లేదు సార్. ఇది చదివాక పిలవకుండా ఉండలేం.

గులాబీ_రంగు_కడ్డీలు
ఇప్పుడు ల్యాబ్ వైపు నుంచి. బ్రూసెల్లా అనుమానం ఉంటే దయచేసి ఫారం మీద పెద్ద అక్షరాలతో రాయండి. ల్యాబులో పనిచేసేవాళ్లకు అంటుకునే జబ్బుల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. మామూలు బల్ల మీద, క్రిమిని పెంచే ప్లేటు తెరిస్తే గాలిలోంచే అంటుకోగలదు. ముందే తెలిస్తే సేఫ్టీ క్యాబినెట్‌లో పెట్టి చేస్తాం. పైగా ఇది మెల్లగా పెరుగుతుంది, కొన్ని ఆటోమేటిక్ యంత్రాలు దీన్ని వేరే క్రిమిగా చూపిస్తాయి. ఫారంలో "జ్వరం" అని ఒక్క ముక్క రాసి పంపితే, క్రిమి పెరగకముందే ప్లేటును పారేసే ప్రమాదమూ ఉంది, మా టెక్నీషియన్ జబ్బు పడే ప్రమాదమూ ఉంది.

రక్తపరీక్షలో ఇంకో మెలిక. యాంటీబాడీలు మరీ ఎక్కువగా ఉన్న రోగిలో మొదటి గొట్టాల్లో ఏమీ కనిపించదు, ఇంకా పలచన చేస్తూ పోతే అప్పుడు పాజిటివ్ బయటపడుతుంది. అనుమానం గట్టిగా ఉందని మాకు ఫోన్ చేస్తే అంతదూరం వెళ్తాం. లేకపోతే నెగటివ్ అని రిపోర్టు వస్తుంది, మీరు నమ్మేస్తారు.

శాంపిల్ ఆలస్యం గొడవ మొదటి పోస్టులో చూశాను. ఆ గొడవ తీరాలంటే చర్చలో మాట్లాడుకోవాల్సింది ఇదే.

పాత_ఫిజీషియన్
మేడం చెప్పినట్టే చేశారు, పరీక్ష గట్టిగా పాజిటివ్, తర్వాత కల్చర్‌లోనూ పెరిగింది.

పిల్లలకు ఒక మాట. మీరు టీబీ అనడం తప్పు కాదు. ఇక్కడ టీబీయే ఎక్కువ. కానీ ఎమ్మారైలో కొన్ని తేడాలు చూడండి. టీబీ ఎక్కువగా నడుముకు పైన, ఛాతీ వెనక ఉండే పూసల్లో కిందివాటిని పడుతుంది, పూస కుంగిపోతుంది, పక్కన చీము పెద్దగా చేరుతుంది. బ్రూసెల్లా నడుము పూసల్ని ఇష్టపడుతుంది, పూస ఆకారం చాలావరకు నిలిచి ఉంటుంది. ఇవి కచ్చితమైన గీతలు కావు, అనుమానం పుట్టించడానికి చాలు.

అసలు ఉచ్చు ఎక్కడుందంటే, టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంది. అది బ్రూసెల్లా మీద కూడా పనిచేస్తుంది. బయాప్సీ లేకుండా టీబీ మందులు మొదలుపెడితే రోగికి కొన్నాళ్లు బాగానే ఉంటుంది. "తగ్గింది కదా, టీబీయే" అని ఫైల్లో రాసేస్తాం. తర్వాత తిరగబెడితే మొండి టీబీ అనుకుని ఇంకా ఘాటు మందులకు వెళ్తాం. మందుకు లొంగినంత మాత్రాన జబ్బు రుజువైనట్టు కాదని ఈ ఒక్క కేసు చెప్పినంత గట్టిగా నేనెన్ని పాఠాలు చెప్పినా ఎక్కదు.

కాణిపాకం_కుర్రాడు
సార్, ఒట్టు వెనక్కి తీసుకుంటున్నాను 🙏 రిఫాంపిసిన్ సంగతి మాత్రం జన్మలో మర్చిపోను.

మాత్రల_లెక్క
క్లినికల్ ఫార్మసిస్ట్‌ని. చర్చ మందు పేరు దగ్గర ఆగిపోతుంది, రోగి అక్కడే మొదలవుతాడు. వెన్నుకు పాకిన బ్రూసెల్లాకి డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ కనీసం మూడు నెలలు, మొదటి వారాల్లో స్ట్రెప్టోమైసిన్ గానీ జెంటామైసిన్ గానీ సూది. ఒకే మందుతో సరిపెడితే తిరగబెడుతుంది.

ఆ మూడు నెలలు ఈ మనిషి ఎలా బతుకుతాడో ఆలోచించండి. డాక్సీ వేసుకున్నవాడికి ఎండ తగిలితే చర్మం కందిపోతుంది. మన రైతును ఎండలోకి వెళ్లొద్దంటే కుదరదు, నిండు చేతుల చొక్కా, తలపాగా అని చెప్పాలి. గ్యాస్ సిరప్, ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర దాంతో కలిపి వేసుకుంటే మందు ఒంటికి పట్టదు. నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని వెంటనే పడుకోకూడదు, గొంతుకింద పుండు పడుతుంది. రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజ రంగులోకి వస్తుంది. ముందే చెప్పకపోతే రక్తం పోతోందని భయపడి మానేస్తాడు. షుగర్ మాత్రలు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో వాటి బలం తగ్గిస్తుంది.

ఇవన్నీ డిశ్చార్జి రోజు హడావిడిలో ఒక నిమిషంలో చెప్పేవి కావు.

ఊరూరా_సర్వే
కమ్యూనిటీ మెడిసిన్. ఆ ఇంట్లో మిగతావాళ్లకు పరీక్ష చేయించారా పాత_ఫిజీషియన్ సార్? అవే పాలు అందరూ తాగుతారు కదా.

పాత_ఫిజీషియన్
చేయించాం. భార్యకూ పాజిటివ్ వచ్చింది, లక్షణాలు ఉన్నాయి కానీ కీళ్ల నొప్పులని సర్దుకుపోతోంది. ఆమెకూ మందులు ఇచ్చాం.

ఊరూరా_సర్వే
ఈ కేసు అద్భుతం. అయినా ఒక అభ్యంతరం చెప్పాలి. చర్చలకు ఎప్పుడూ ఇలాంటి అరుదైనవే తెస్తారు. వారం తర్వాత హౌస్ సర్జన్లు నడుము నొప్పి ఉన్న ప్రతివాడికీ బ్రూసెల్లా పరీక్ష రాస్తారు. రోజూ వార్డు నింపేవి డెంగీ, ఊపిరితిత్తుల టీబీ, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, కాలు వాపు. వాటిమీద ఎవరూ గంట కూర్చోరు.

డెంగీనే తీసుకోండి. జ్వరం దిగిన రోజున అందరూ ఊపిరి పీల్చుకుంటారు. రక్తనాళాల్లోంచి నీరు కారి షాక్‌లోకి వెళ్లే ప్రమాదం సరిగ్గా అప్పుడే. ఇంటివాళ్లూ, జూనియర్లూ ప్లేట్లెట్ల అంకె పట్టుకుని కూర్చుంటారు. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల పాలు, రక్తం చిక్కబడితే పెరుగుతుంది) పెరుగుతోందా, కడుపు నొప్పి ఉందా, మూత్రం తగ్గిందా అని చూడాలి. అరుదైన జబ్బు దొరక్కపోయినా ప్రతి వారం చర్చించడానికి ఇక్కడే బోలెడంత ఉంది.

గులాబీ_రంగు_కడ్డీలు
దీనికి నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. మామూలు కేసులే ఎక్కువ ఉండాలి.

మామిడి_తోట
డాక్టర్ని కాదు, బంగారుపాళ్యం దగ్గర రైతును, అన్నీ చదువుతున్నాను. మా నాయనకు ఏ జ్వరం వచ్చినా వైడాల్ పాజిటివే వస్తుంది. అన్నిసార్లు టైఫాయిడ్ వస్తుందా?

గులాబీ_రంగు_కడ్డీలు
రాదండీ. ఎప్పుడో వచ్చి పోయిన టైఫాయిడ్, వేరే క్రిములు, టీకా, వీటివల్ల కూడా వైడాల్ పాజిటివ్ రావచ్చు. ఒక్కసారి చేసిన వైడాల్‌ని బట్టి టైఫాయిడ్ అని తేల్చకూడదు. యాంటీబయాటిక్ వేసుకోకముందే బ్లడ్ కల్చర్ తీయించమని అడగండి, అది నమ్మదగినది.

మామిడి_తోట
మంచిది మేడం. పచ్చిపాల సంగతి కూడా ఇంట్లో చెప్పినాను. మా అమ్మ ఒప్పుకుంది, నాయన ఇంకా ఆలోచిస్తా ఉండాడు.

నైట్_డ్యూటీ_అక్క
స్టాఫ్ నర్సుని. ఇంతమంది రాశారు, చర్చకు నర్సులను పిలవాలని ఒక్కరూ అనలేదు.

చలి మొదలైన రోజుల్లో ఒకామె జ్వరం, ఆయాసంతో వచ్చింది. న్యుమోనియా అని సెఫలోస్పోరిన్ రకం యాంటీబయాటిక్ నడుస్తోంది, జ్వరం దిగడం లేదు. ఒళ్లు తుడుస్తుంటే రొమ్ము కింద మడతలో నల్లటి పెచ్చు కనిపించింది. చుట్టూ ఎర్రగా ఉంది, నొప్పి లేదు. సిగరెట్‌తో కాల్చినట్టు ఉంటుంది, ఒకసారి చూస్తే మర్చిపోం. ఆమె దాన్ని ఎవరికీ చూపించలేదు, మగ డాక్టర్ల ముందు చూపించదు కూడా. వెంటనే పీజీ డాక్టరుకి చెప్పాను. సన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ అని డాక్సీ మొదలుపెట్టారు, రెండు రోజుల్లో జ్వరం దిగింది.

ఆ కేసు చర్చలో పెట్టారని తర్వాత తెలిసింది. స్లయిడులో "పరీక్షలో పెచ్చు గుర్తించారు" అని ఉందట. ఎవరు, ఎప్పుడు, ఎలా గుర్తించారో చెప్తేనే కదా పిల్లలకు ఎక్కడ వెతకాలో తెలిసేది? చంక, గజ్జ, నడుము పట్టీ కింద, రొమ్ము కింద, చెవి వెనక. బట్టలు తీయకుండా చూస్తే కనిపించదు.

జ్వరాల_వార్డు
అక్కా, ఇది చాలా విలువైన మాట. ఇకనుంచి కేసు చెప్పేటప్పుడు ఆ రోగిని చూసుకున్న నర్సు మాట్లాడాలి. ఇది మా మేడంతో మాట్లాడతాను.

పాత_ఫిజీషియన్
నర్సమ్మ చెప్పినదానికి కొంచెం కలుపుతాను. ఆ సన్న పురుగు కుట్టినట్టే తెలియదు. పొదలు, గట్లు, కట్టెలు కొట్టే చోట్లు అడగాలి. పెచ్చు చాలామందిలో ఉండనే ఉండదు, కాబట్టి లేకపోతే స్క్రబ్ కాదనుకోవద్దు. సెఫలోస్పోరిన్లు దీనిమీద పనిచేయవు. జబ్బు ముదిరినవాళ్లకు డాక్సీ, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరంలోకి ఇస్తే ఏదో ఒకటి ఇచ్చినదానికంటే మేలని 2023లో వెల్లూరు సీఎంసీ నడిపిన పరిశోధన తేల్చింది. అందులో పాల్గొన్నవన్నీ మన దేశపు ఆసుపత్రులే.

రేణిగుంట_రోడ్డు
పేరు ముందే చెప్పాలన్నది నేనే. ఇప్పుడు ఆ మాట మీద పూర్తిగా లేను. కానీ ఫస్ట్ టైం కూర్చునే పిల్లలకు అన్నీ ఒకేసారి దాచితే బుర్ర తిరుగుతుంది. మొదటి రెండు మూడు కేసులు పేరు చెప్పి చేయండి, తర్వాత దాచండి.

గులాబీ_రంగు_కడ్డీలు
ఇది సబబే.

ఊరూరా_సర్వే
తిరుపతికి ప్రత్యేకంగా ఒకటి. మన వార్డులో పడుకున్నవాడు మన ఊరివాడు కాకపోవచ్చు. దర్శనానికి ఒడిశా నుంచి వచ్చినవాడికి మలేరియా ఉండొచ్చు, మన దగ్గర లేదు కదా అని స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూసే పరీక్ష) చూడకపోతే ప్రాణం మీదకు వస్తుంది. కర్ణాటక అడవి జిల్లాల నుంచి వచ్చినవాళ్లకు క్యాసనూర్ అడవి జ్వరం (కోతి జ్వరం) ఉండొచ్చు, వాళ్లను కోతుల మరణాల గురించి అడగాలి. ఊరు, ప్రయాణం, పశువులు, నీళ్లు, పని. కేసు వినిపించేటప్పుడు ఇవన్నీ "సోషల్ హిస్టరీ: ముఖ్యం కానిది" అని దాటేస్తారు. ఇన్‌ఫెక్షన్ కేసులో సగం జవాబు అక్కడే ఉంటుంది.

మాత్రల_లెక్క
ఇంకోటి. కేసు ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం ఆపాలి. మొహం కనిపించకపోయినా చేతి మీద పచ్చబొట్టు చాలు, ఊళ్లో గుర్తుపట్టేస్తారు. రోగిని అడిగి, పేరు, ఊరు తీసేసి, గదిలోనే చూపించాలి.

జ్వరాల_వార్డు
అందరూ చెప్పినవి రాసుకున్నాను. మా యూనిట్‌లో మాట్లాడి ఇలా చేయబోతున్నాం. స్లయిడ్లు ఉండవు, బోర్డు మీద రాస్తాం. కేసు ముక్కలుగా వస్తుంది. ప్రతి ముక్క దగ్గరా ముందు ఎంబీబీఎస్ పిల్లలు, తర్వాత హౌస్ సర్జన్లు, చివర్లో మాత్రమే ప్రొఫెసర్లు. ల్యాబ్ ఫలితం చెప్పేముందు ఆ పరీక్ష ఎందుకు పంపారో పంపినవాళ్లు చెప్పాలి. క్రిములకు రంగు వేసిన గ్రామ్ స్లయిడు అక్కడే మైక్రోస్కోపులో చూపిస్తారు. ఎక్కువ వారాలు మామూలు కేసులు, మధ్యలో ఒక అరుదైనది. నర్సు, ఫార్మసిస్ట్ ఎప్పుడూ ఉంటారు, పశువులతో సంబంధం ఉన్న కేసు వస్తే పశువైద్యులు.

మొదటిది డెంగీ, జ్వరం దిగాక షాక్‌లోకి వెళ్లి బతికి బయటపడ్డ అబ్బాయి కేసు.

పలమనేరు_పశువైద్యం
కబురు పెట్టండి, వస్తాను. నాతో పాటు రేబిస్ కేసు ఒకటి తెస్తాను. కుక్కకు ఏం జరిగిందో మా రికార్డులో ఉంది, మనిషికి ఏం చేశారో మీ రికార్డులో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

నైట్_డ్యూటీ_అక్క
టైం మధ్యాహ్నం రెండుకు మాత్రం పెట్టకండి డాక్టర్. డ్యూటీ మారే సమయం, మాలో ఎవరికీ కుదరదు. పన్నెండుకు పెడితే ఇద్దరం వస్తాం.

జ్వరాల_వార్డు
పన్నెండుకే అక్కా. మేడం సరేనన్నారు.